మార్చి లెక్కలు, చెదిరే నిద్ర

ప్రశ్న: నాకు 57 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగిని. మార్చి లెక్కల ఒత్తిడి మొదలైనప్పటి నుంచి రాత్రి 3 గంటలకే మెలకువ వస్తోంది. నిద్రమాత్రలు వాడవచ్చునా?

జవాబు: వయసుతో గాఢనిద్ర తగ్గడం సహజం; తెల్లవారుజామున శరీరంలో మనల్ని మేల్కొలిపే కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగే వేళకు తీరని పనుల ఆలోచన కూడా తోడైతే, ఆ పలుచని నిద్ర ఇట్టే చెదిరిపోతుంది. మాత్రలు సొంతంగా వాడకండి. ఈ వయసులో వాటివల్ల తూలి పడిపోయే ప్రమాదం ఎక్కువ. మెలకువ వచ్చాక గడియారం చూస్తూ పొర్లే కంటే, లేచి మసక వెలుతురులో కాసేపు కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ పక్క మీదికి వెళ్లండి. ఉదయం మాత్రం రోజూ ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం దాటాక కాఫీ వద్దు. గురక ఉంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో పరీక్ష చేయించుకోండి, బీపీ కూడా చూపించుకోండి. పని సర్దుబాటు గురించి పై అధికారితో మాట్లాడటం కూడా చికిత్సలో భాగమేనని నా గట్టి నమ్మకం. మనసు మరీ కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.