లెన్సు సంగతి ముందు, బాడీ సంగతి తర్వాత
(కెమెరా కొత్తగా చేతపడుతున్న పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: ఇన్నాళ్లూ ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను. మా పాపకు రెండేళ్లు. ఇల్లంతా పరుగులు పెడుతుంటే ఒక్క ఫోటో కూడా నిలకడగా పడటం లేదు. బంధువుల పెళ్లిళ్లు, సాయంత్రాలు గోదావరి గట్టు కూడా తీయాలని ఉంది. 70 వేల దాకా పెట్టగలను. డీఎస్‌ఎల్‌ఆరా, మిర్రర్‌లెస్సా? 24 మెగాపిక్సెళ్లు చాలతాయా?
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మెగాపిక్సెళ్ల బెంగ వదిలేయండి. పెళ్లి ఆల్బమ్‌లో ఒక పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేయాలంటే 3600×5400, అంటే కోటీ 94 లక్షల పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా దగ్గర 2 కోట్ల 40 లక్షలున్నాయి. ఇంకా మిగులే.

కొత్తది కొనేటట్టయితే మిర్రర్‌లెస్సే తీసుకోండి. లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరా డీఎస్‌ఎల్‌ఆర్, ఆ అద్దం లేనిది మిర్రర్‌లెస్. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ తేలేదు. అంతకంటే మీకు పనికొచ్చే కారణం మరొకటుంది. పరుగెత్తే పిల్ల కంటిని మిర్రర్‌లెస్ కెమెరా తనంతట తానే పట్టుకుని వెంటాడుతుంది. నష్టం బ్యాటరీ దగ్గర వస్తుంది. చిన్న మిర్రర్‌లెస్‌లు వ్యూఫైండర్‌తో (కన్ను ఆనించి చూసే కిటికీతో) వాడితే ఒక ఛార్జికి 300 ఫోటోల చుట్టుపక్కలే ఇస్తాయి. పెళ్లికి వెళ్లాలంటే రెండో బ్యాటరీ తప్పదు, దాన్ని కూడా బడ్జెట్‌లో రాసుకోండి.

కెనాన్ ఆర్50, నికాన్ జెడ్50, సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటివి మీరు చూడాల్సిన వరుస. షాపులో చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి. జెడ్‌వీ-ఈ10కి, నికాన్ జెడ్30కి కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ లేదు. మిట్టమధ్యాహ్నం గోదావరి గట్టున తెర మీద మీ ముఖం తప్ప ఏమీ కనపడదు. కెనాన్ ఆర్100 చవకే కానీ దాని తెర టచ్ చేస్తే పలకదు, మడవడానికి రాదు. ఆర్50 తల మీది ఫ్లాష్ షూలో (ఫ్లాష్ బిగించే గాడిలో) పాతరకం పిన్నులు లేవు. ఇంట్లో పాత ఫ్లాష్ ఉంటే అది నేరుగా పనిచేయదు, అడాప్టర్ కొనాలి.

అసలు విషయం లెన్సు. కెమెరాతో వచ్చే కిట్ లెన్సును జూమ్ చేస్తే దాని అపెర్చర్, అంటే వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్6.3కి కుంచించుకుపోతుంది. ఎఫ్1.8 ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది) దానికి 12 రెట్లు వెలుతురు లోపలికి వదులుతుంది. ట్యూబ్‌లైట్ గదిలో కిట్ లెన్సుతో 1/125 సెకను షట్టర్‌కు ఐఎస్‌ఓ (మసక వెలుతురును పెంచి చూపే అంకె) 12800 అడిగే చోట, ఎఫ్1.8 వెయ్యితో పని కానిస్తుంది. మొదటిది ఇసుక చల్లినట్టు ఉంటుంది, రెండోది ఫ్రేమ్ కట్టించుకోవచ్చు. అందుకే బాడీలో ఒక మెట్టు దిగి అయినా ఆ డబ్బుతో ప్రైమ్ లెన్సు తీసుకోమంటాం.

అందరూ 50 ఎం.ఎం. లెన్సు కొనమంటారు (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు దగ్గరగా, ఇరుకుగా చూపుతుంది). చవక, మంచిది, నిజమే. కానీ ఈ కెమెరాల్లో సెన్సర్ (ఫోటో నమోదయ్యే చిప్పు) చిన్నది. కెనాన్‌లో పదడుగుల దూరం నుంచి 50తో అడ్డంగా తీస్తే ఫ్రేములో పట్టేది నాలుగున్నర అడుగుల వెడల్పే. పాప ఒక్కతే అయితే సరే, పక్కన నాయనమ్మ కూర్చుంటే మీరు గోడ దూకి వెనక్కి వెళ్లాలి. 35 ఎం.ఎం.తో ఆరడుగుల పైచిలుకు పడుతుంది. కెనాన్‌లో 35 ధర 50కి రెట్టింపు పైనే ఉంటుంది. కనుక కిట్ లెన్సును 35 దగ్గర ఒక రోజంతా, 50కి దగ్గరగా ఉండే 45 దగ్గర ఒక రోజంతా కదపకుండా ఉంచి ఇంట్లో తీసి చూడండి. మీ ఇంటికి ఏది నప్పుతుందో అదే చెబుతుంది.

పాప కోసం సెట్టింగు: షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ వేగం మీరు పెడితే అపెర్చర్ కెమెరా చూసుకునే మోడ్‌లో) 1/250, ఐఎస్‌ఓ ఆటో, కదిలేదాన్ని వెంటాడే ఫోకస్ మోడ్ (కెనాన్‌లో సెర్వో, మిగతావాటిలో ఏఎఫ్-సీ), కంటిని గుర్తుపట్టే ఐ డిటెక్షన్ ఆన్. పగలు కిటికీకి నాలుగడుగుల లోపల ఆడించండి. రాత్రి దీపాల కింద కష్టపడి తీసిన ఇరవై ఫోటోల కంటే అక్కడ తీసిన రెండు బాగుంటాయి.

ప్రశ్న: నికాన్ డీ5300, దానితో పాటు 50 ఎం.ఎం. ఎఫ్1.8డీ లెన్సు సెకండ్ హ్యాండ్‌లో ఇస్తామంటున్నారు. షట్టర్ కౌంట్ 20 వేలేనట. తీసుకోవచ్చా? ఏమేం చూడాలి?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: బాడీ మంచిదే కానీ లెన్సుతో జోడీ కుదరలేదు. పేరు చివర 'డీ' ఉన్న పాత నికాన్ లెన్సులకు సొంత మోటారు ఉండదు, కెమెరాలోని మోటారు వాటిని తిప్పాలి. డీ3000, డీ5000 వరుసల్లో ఆ మోటారు లేదు. లెన్సు కెమెరాకు సరిగ్గానే అమరుతుంది, ఫోటో పడుతుంది, ఆటోఫోకస్ మాత్రం రాదు. 'ఏఎఫ్-ఎస్' అని రాసి ఉన్న 50 కానీ, 35 ఎం.ఎం. ఎఫ్1.8 కానీ అడగండి. డీ7000, డీ7200 లాంటి బాడీ అయితే ఆ డీ లెన్సు హాయిగా నడుస్తుంది.

షట్టర్ కౌంట్, అంటే ఆ కెమెరాతో ఇప్పటిదాకా తీసిన ఫోటోల లెక్క, నోటిమాటగా నమ్మొద్దు. మీ మెమరీ కార్డు వేసి, మీ ఎదుటే ఒక ఫోటో తీయించి, ఆ ఫైలును కంప్యూటర్లో ఎక్సిఫ్ వివరాలు (ఫోటోతో పాటు కెమెరా దాచే సమాచారం) చూపే సాఫ్ట్‌వేర్‌తో తెరవండి. నికాన్ ప్రతి ఫైలులోనూ ఆ సంఖ్య రాస్తుంది. డీ5300 షట్టర్‌ను లక్ష క్లిక్కుల లెక్కకు పరీక్షించారు. అది హామీ కాదు, అంచనా మాత్రమే.

తర్వాత లెన్సు తీసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్, బేరం అక్కడితో ఆపేయండి. ఎఫ్16 పెట్టి, ఫోకస్ కావాలని చెడగొట్టి తెల్లగోడను తీయండి. మసక చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము, తుడిపించుకుంటే పోతుంది. జూమ్ చేసినా చోటు మారని పదునైన గీత కనిపిస్తే అది గీరు పడిన సెన్సర్, వద్దు. ఫ్లాష్ షూ రంగు అరిగి ఇత్తడి తేలితే ఆ కెమెరా సీజన్ల కొద్దీ పెళ్లిళ్లు చూసిందని అర్థం, కౌంట్ 20 వేలంటే నవ్వుకోండి. అసలు బిల్లు అడిగి, అందులోని సీరియల్ నంబరు, కెమెరా మీద ఉన్నది ఒకటో కాదో చూడండి. బిల్లు లేని సరుకు ఎంత చవకైనా దొంగసొత్తు కాదని ఎవరు చెప్పగలరు?

ప్రశ్న: ఫుల్ ఫ్రేమ్ కొంటే తప్ప బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ రాదంటున్నారు, నిజమేనా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. ఫుల్ ఫ్రేమ్ అంటే పెద్ద సెన్సరున్న కెమెరా, అంతే. మనిషిని గోడకు ఆనించి నిలబెడితే ఫుల్ ఫ్రేమ్‌లోనూ రాదు. గోడ నుంచి పదిహేను అడుగులు ముందుకు రప్పించి, మీరు ఆరడుగుల దగ్గరికి వెళ్లి ఎఫ్1.8తో తీయండి, చిన్న సెన్సర్‌లోనూ వస్తుంది.

ప్రశ్న: ఫంక్షన్ హాల్లో తీసిన ఫోటోల్లో అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయి. పందిట్లో తీస్తే ముఖాలన్నీ పసుపుపచ్చ. కెమెరా పాడైందా?
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: కెమెరా బాగానే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీలు, పాత ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటాయి. మీరు షట్టర్ 1/500 పెడితే ఫోటోలో కొంత భాగం దీపం వెలుగులో, కొంత భాగం ఆరిన క్షణంలో నమోదవుతుంది. చారలు అక్కడివే. షట్టర్‌ను 1/100కి గానీ 1/50కి గానీ దించండి. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా తీసే పద్ధతి) ఆన్‌లో ఉంటే వెంటనే ఆపండి, చారలు ఎక్కువగా తెచ్చేది అదే. మెనూలో దీపాల మినుకును తప్పించే యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. అమెరికాలో తీసే మనవాళ్లకు కరెంటు 60 హెర్ట్జ్ కనుక 1/60, 1/125 సరిపోతాయి.

పసుపు సంగతి: పందిరి గుడ్డ పసుపుదైతే దాని గుండా వడపోసిన ఎండ కూడా పసుపే. ఎండ పడే వేళ పెళ్లికూతురు కూర్చునే చోట ఒక తెల్ల కాగితం పట్టించి, ఫ్రేము నిండా దాన్ని ఫోటో తీసి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌గా (ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగుగా) ఎంచుకోండి. వెలుతురు మారినప్పుడల్లా మళ్లీ చేయాలి. మంగళస్నానాల్లో చిక్కు దీనికి తలకిందులు. అక్కడ ఫ్రేము నిండా పసుపే ఉండటంతో ఆటో వైట్ బ్యాలెన్స్ అది తప్పనుకుని నీలం కలుపుతుంది, పసుపు వెలిసిపోతుంది. ఆరుబయటైతే ఎండ గుర్తున్న డేలైట్ మీద ఉంచి కదపకండి. మామూలు జేపెగ్‌తో పాటు 'రా' (ఆర్‌ఏడబ్ల్యూ) అనే, కెమెరా దిద్దని మూల ఫైలు కూడా ఉంచుకుంటే ఇంటికొచ్చాక దిద్దుకోవచ్చు. ఫ్లాష్‌ను పైకప్పుకు కొట్టి వెలుతురు దించుకునే అలవాటుంటే తల ఎత్తి చూడండి. కప్పు ఎర్ర గుడ్డదైతే ముఖాలు ఎర్రగా దిగుతాయి.

ప్రశ్న: వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది. అపెర్చర్ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవడం ఏమిటి? మాన్యువల్ మోడ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?
– గృహిణి, హన్మకొండ

జవాబు: ఆ అంకె ఒక భాగహారం. లెన్సు ఫోకల్ లెంగ్తును రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. 50 ఎం.ఎం. లెన్సులో రంధ్రం 25 ఎం.ఎం. ఉంటే ఎఫ్2, పన్నెండున్నర ఉంటే ఎఫ్4. రంధ్రం చిన్నదైతే భాగఫలం పెద్దదవుతుంది, అంతే. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16: ఈ వరుసలో ఒక్కో మెట్టు కుడికి జరిగితే వెలుతురు సగమవుతుంది. షట్టర్‌లో 1/125 నుంచి 1/250కి వెళ్లినా సగమే. ఐఎస్‌ఓ 200 నుంచి 400కి పెంచితే ఆ సగం మళ్లీ భర్తీ అవుతుంది, కాకపోతే కాస్త గరుకు వస్తుంది.

అంకెలన్నీ మీరే పెట్టుకోవాల్సిన మాన్యువల్‌కు తొందర లేదు. మొదటి వారం షట్టర్ ప్రయారిటీ పెట్టి సీలింగ్ ఫ్యాన్ తీయండి. 1/15, 1/60, 1/250, 1/1000. ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతుంటే రెక్క చివర సెకనుకు 22 మీటర్లు పరుగెడుతుంది. 1/60లో దాదాపు 37 సెంటీమీటర్లు జరుగుతుంది, అందుకే పొగలా కనిపిస్తుంది. 1/1000లో కూడా రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. పిల్లలకు, పక్షులకు ఎంత వేగం కావాలో ఆ నాలుగు ఫోటోలు చూస్తే అర్థమవుతుంది. రెండో వారం అపెర్చర్ ప్రయారిటీ, అంటే అపెర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా చూసుకునే మోడ్. బల్ల మీద ఐదు గ్లాసులు జానెడు ఎడంతో వరుసగా పెట్టి, మధ్యదానిపై ఫోకస్ చేసి ఎఫ్1.8 నుంచి ఎఫ్11 దాకా తీయండి. ఏ అంకెకు ఎన్ని గ్లాసులు స్పష్టంగా ఉన్నాయో రాసుకోండి.

మూడో వారం ప్లస్-మైనస్ మీట, అంటే ఫోటో వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. చాలామంది దీన్ని ముట్టుకోరు, నిజానికి అన్నిటికంటే ఎక్కువ వాడాల్సింది ఇదే. కెమెరా ఎదురుగా ఉన్నదేదైనా నడిమి బూడిదరంగే అనుకుంటుంది. తెల్ల పంచె ఫ్రేము నిండా ఉంటే ముదురు చేస్తుంది, ప్లస్ 1 ఇవ్వాలి. నల్లరాయి నిండా ఉంటే పాలిపోయేట్టు చేస్తుంది, మైనస్ 1 ఇవ్వాలి. మీకు దగ్గర్లో రామప్ప ఉంది, ఇంతకంటే మంచి బడి దొరకదు. చూరు కింది నల్లరాతి మదనికలను దగ్గరగా, శిల్పమే ఫ్రేమంతా ఉండేట్టు తీస్తే మైనస్ కావాలి. అదే శిల్పం వెనక ఆకాశం వచ్చేట్టు కింది నుంచి తీస్తే వెలుగు చూసి కెమెరా మోసపోతుంది, శిల్పం బొగ్గులా దిగుతుంది, ప్లస్ ఒకటిన్నర ఇవ్వాలి. ఒకే రాయి, అడుగు పక్కకు జరిగితే లెక్క తిరగబడుతుంది. ఇది చేతికి అలవాటయ్యాక మాన్యువల్‌కు వెళ్లండి, అప్పుడది వారం పని.

పద్ధతిగా కోర్సే చేయాలనుకునే వాళ్లకు హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో) ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. మీ అవసరానికి అంత అక్కర్లేదు.

ప్రశ్న: లెన్సు లోపల చెట్టు వేళ్లలాంటి పోగులు కనిపిస్తున్నాయి. బియ్యం డబ్బాలో పెడితే పోతాయా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పోవు సరికదా, బియ్యం పొడి లోపలికి చేరుతుంది. అది ఫంగస్. గాల్లో తేమ 60 శాతం దాటి, చీకట్లో, గాలి ఆడని చోట ఉంటే పెరుగుతుంది. మీ ఊళ్లో వానాకాలం బీరువా దానికి పుట్టిల్లు. కెమెరాతో వచ్చిన సంచిలో, ముఖ్యంగా తోలు కేసులో నెలల తరబడి ఉంచకండి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు పావుకిలో, లోపల చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటరు) ఉంటే చాలు. ముల్లు 40–50 మధ్య ఉండాలి. 30 కంటే దిగనివ్వకండి, మరీ ఎండితే రబ్బరు భాగాలు, లోపలి గ్రీజు దెబ్బతింటాయి. గుళికల రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడొచ్చు, కానీ నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, వంటింటి మూకుడులో వేయించకండి. నారింజ రకం కొనుక్కోండి. ఏసీ గదిలోంచి కెమెరాను బయటికి తెచ్చేముందు జిప్ కవర్లో పెట్టి అరగంట ఆగితే అద్దం మీద నీరు పట్టదు.

ఇప్పుడున్న ఫంగస్ విప్పి తుడిస్తే పోతుంది, అయితే అది అద్దం పైపూతను తినేసి ఉంటే ఆ మచ్చ శాశ్వతం. సర్వీసుకు ఇచ్చేముందు ఖర్చు అంచనా రాయించుకోండి. కిట్ లెన్సు అయితే విప్పుకూలీకి కాస్త కలిపితే సెకండ్ హ్యాండ్‌లో మరొకటి వస్తుంది. ఈలోగా దాన్ని మిగతా లెన్సులున్న డబ్బాలో మాత్రం పెట్టకండి.