మా పొలాల్లోంచి పైప్‌లైన్ పోతే విశాఖ ప్రాంతానికి ఒరిగేదేంటి? ఉద్యోగాలు వస్తాయా?

ఎలమంచిలి దగ్గర మీ పొలాల్లోంచి ఇంకో ఇంధన పైప్‌లైన్ పోతుందని సర్వే వాళ్లు వచ్చి గుర్తులు పెట్టి వెళ్లారు, ఊళ్లో కొందరేమో ఉద్యోగాలొస్తాయంటున్నారు, కొందరేమో భూమి పోయినట్టే అంటున్నారు, అసలు ఇలాంటి కంపెనీ వల్ల మన ప్రాంతానికి ఒరిగేదేంటి అని కదా మీరు అడిగింది. రెండు మాటలూ సగం సగమే నిజం. నాకు ఈ వ్యవహారం రెండు వైపుల నుంచీ తెలుసు. మా నాన్న మల్కాపురంలో ట్యాంకర్ లారీ ఓనరు, డ్రైవరూ ఆయనే. నేనేమో ఒక కాంట్రాక్టర్ కింద అనకాపల్లి, తుని మధ్య ఆరేళ్లు లైన్ పెట్రోలింగ్ (పైపు వెంట నడుస్తూ కాపలా కాసే పని) సూపర్‌వైజర్‌గా చేశాను. అంటే పైపు వల్ల మా ఇంట్లో ఒకరికి పని పోయింది, ఒకరికి పని దొరికింది. ఏది ఎక్కువ అని అడిగితే, పోయిందే ఎక్కువ.

నా చిన్నప్పుడు మల్కాపురం, సింధియా రోడ్డు పొడవునా ట్యాంకర్లే. తెల్లారకముందే లోడింగ్ సీరియల్ కోసం వరస కట్టేవాళ్లు. నాన్న లోడ్ ఎక్కించుకుని, అప్పట్లో ఎన్‌హెచ్ 5 అనేవాళ్లం, దాని మీద తుని, రాజమండ్రి దాటి విజయవాడ, ఒక్కోసారి హైదరాబాద్ దాకా వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు అన్నవరంలో ఆగి ఆకులో కట్టిన ప్రసాదం తెచ్చేవాడు, లాంగ్ ట్రిప్పు కొట్టాడని మాకు దాన్నిబట్టే తెలిసేది. తొంభైల చివర్లో విశాఖ నుంచి విజయవాడ దాకా, ఆ తర్వాత సికింద్రాబాద్ దాకా పెట్రోలు, డీజిలు పైపులో వెళ్లడం మొదలయ్యాక ఇంటికి ప్రసాదం రావడం తగ్గిపోయింది. ఆయనకు మిగిలినవి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం ట్రిప్పులు. కిలోమీటరుకింత అని కిరాయి వచ్చే పనిలో దూరం తగ్గితే లారీ వాయిదాలు ఎలా కడతాం? చివరికి బండి అమ్మేశాడు. ఎవర్నీ తిట్టలేదు గానీ "రోడ్డు మీద పోయేది భూమిలోకి పోయింది" అనేవాడు.

మా ఒక్క ఇంటి గొడవలా అనిపిస్తే లెక్క చూడండి. విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్ కలిపే హిందుస్తాన్ పెట్రోలియం, అంటే హెచ్‌పీసీఎల్ లైన్ పొడవు 572 కిలోమీటర్లు, సామర్థ్యం ఏడాదికి 50 లక్షల టన్నుల పైమాటే. 50 లక్షలే అనుకుని 365తో భాగిస్తే రోజుకు సుమారు 13,700 టన్నులు. అప్పటి 12 వేల లీటర్ల ట్యాంకర్‌లో డీజిలు పది టన్నులు పడుతుంది. అంటే రోజుకు 1,370 ట్యాంకర్ల సరుకు చప్పుడు లేకుండా వెళ్లిపోతోందన్నమాట. పైపు రాకముందు అంతా రోడ్డు మీదే వెళ్లేదని కాదు, రైలు వ్యాగన్లలో కూడా వెళ్లేది. కానీ అందులో సగం రోడ్డెక్కినా గాజువాక జంక్షన్ దాటడానికి ఈరోజు మనకు పూట పట్టేది.

ఇక్కడే పైప్‌లైన్ అసలు ఉపయోగం కనిపిస్తుంది. విశాఖ రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైనప్పుడు ఏడాదికి 6.75 లక్షల టన్నుల క్రూడ్, అంటే ముడి చమురు, శుద్ధి చేసేది. తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చింది, పెరుగుతూ పెరుగుతూ 83 లక్షల టన్నులైంది, ఇప్పుడు కోటిన్నర టన్నులకు పెంచారు. ఓడలో క్రూడ్ ఎంతైనా తెప్పించుకోవచ్చు, శుద్ధి చేసిన సరుకు బయటికి పంపే దారి లేకపోతే ట్యాంకులు నిండిపోయి ప్లాంటు ఆపుకోవాలి. ఆ దారుల్లో పెద్దది పైపే. కాబట్టి పైప్‌లైన్‌లో ఎంతమందికి పనుంది అని లెక్కపెడితే చాలా తక్కువ కనిపిస్తుంది, పైపు లేకపోతే విశాఖలో ఏం ఆగిపోయేది అని లెక్కపెడితే చాలా కనిపిస్తుంది. రిఫైనరీ మరమ్మతుల కోసం షట్‌డౌన్ తీసుకున్న నెలల్లో మల్కాపురం, శ్రీహరిపురం వచ్చి చూడండి, అద్దెకు గది దొరకదు, పొద్దున్న టిఫిన్ బండి దగ్గర నిలబడ్డానికి చోటుండదు. ఫిట్టర్లు, వెల్డర్లు, స్కాఫోల్డింగ్ వాళ్లు, రిగ్గర్లు, అందరూ వస్తారు. ఆ డబ్బు పైపు జీతాల పట్టికలో కనపడదు.

వంట గ్యాస్‌దీ అదే కథ. డాల్ఫిన్ నోస్ కొండ వైపు భూమి లోపల రాతిని తొలిచి కట్టిన ఎల్పీజీ కేవర్న్ 2007 నుంచి నడుస్తోంది, అందులో 60,000 టన్నులు పడుతుంది. 14.2 కేజీల సిలిండర్లలో చెప్పాలంటే 42 లక్షల బండలు. ఓడలో వచ్చిన గ్యాస్ అందులో దిగుతుంది, కేంద్ర ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ వాళ్ల విశాఖ–సికింద్రాబాద్ ఎల్పీజీ పైప్‌లైన్ ఇక్కడి గ్యాస్‌ను 600 కిలోమీటర్లకు పైగా మోసుకెళ్తుంది. హైదరాబాద్‌లో మా పిన్ని ఇంట్లో పొయ్యి వెలిగితే అది మా ఊరి గ్యాసే అని నేను ఏడిపిస్తుంటాను. ఆవిడేమో "మరి బిల్లు కూడా మీరే కట్టండి" అంటుంది.

ఆవిడ మాటలోనే ఒక అసలు విషయం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు, వాటి మీద రాష్ట్రాలు వ్యాట్ వేస్తాయి. మన దగ్గర పెట్రోలు మీద 31 శాతం, దాని మీద లీటరుకు ఇంకో 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. ఈ వ్యాట్ సరుకు అమ్ముడుపోయిన రాష్ట్రానికి వెళ్తుంది, తయారైన రాష్ట్రానికి కాదు. 2014 జూన్ 1 దాకా విశాఖ, హైదరాబాద్ ఒకే రాష్ట్రం కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఆ తెల్లారి నుంచి అదే పైపు, అదే సరుకు, కానీ రాష్ట్ర సరిహద్దు దాటాక అమ్మిన ప్రతి లీటరు మీదా పన్ను తెలంగాణదే. కంపెనీ తన సరుకును తన డిపోకే పంపుకుంటుంది కాబట్టి దారిలో మనకు అమ్మకం పన్ను లేదు. పొగ మల్కాపురంలో, రాబడి వేరేచోట. తెలంగాణ వాళ్లను తప్పుపట్టడం లేదు, చట్టమే అలా ఉంది. ప్రాంతానికి లాభమెంత అని కంపెనీ వాళ్లు మీటింగులో కోట్లు చెప్తే, అందులో మన వాటా ఎంత అని అడగడానికి ఇది తెలిసి ఉండాలి.

ఇక ఉద్యోగాలు. పైపు వేసేటప్పుడు ఆరు నుంచి ఎనిమిది నెలలు ఊళ్లో జాతరే. ట్రాక్టర్లు, జేసీబీలు, హైడ్రా క్రేన్లు అద్దెకు పోతాయి, ఇళ్లు అద్దెకు పోతాయి, మెస్ పెట్టుకున్నవాళ్లు బాగుపడతారు. వెల్డర్లు మాత్రం ఎక్కువగా బయటినుంచే వస్తారు, సిక్స్ జీ టెస్ట్ (ఏటవాలుగా బిగించిన పైపును చుట్టూ వెల్డింగ్ చేయించే పరీక్ష) పాసైనవాళ్లు కావాలి. మీ ఊళ్లో ఐటీఐ కుర్రాళ్లుంటే గాజువాకలో ఆ వెల్డింగ్ నేర్చుకోమనండి, ఈ పైపు అయిపోయినా గల్ఫ్‌లో పనికొస్తుంది. పైపు పూడ్చేశాక అందరూ వెళ్లిపోతారు, మిగిలేది మాలాంటి వాళ్లం. నా సెక్షన్ 60 కిలోమీటర్లు చిల్లర. ఒక్కో లైన్‌మ్యాన్ రోజుకు 8 కిలోమీటర్ల దాకా జీపీఎస్ పట్టుకుని నడుస్తాడు, రాత్రి గార్డులు వేరే. మొత్తం కలిపితే ఇరవై మందిమి. అరవై కిలోమీటర్లకు ఇరవై మంది! రెండు మూడేళ్లకోసారి టెండర్ మారేది, చొక్కా మీద పేరు మారేది, లోపల మనుషులం మేమే. ఒక కాంట్రాక్టర్ అయితే పోతూ పోతూ రెండు నెలల జీతం ఎగ్గొట్టిపోయాడు, పీఎఫ్ కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ.

పైపు ఆగినచోట మాత్రం వేరు. కొండపల్లి వైపు టర్మినల్ దగ్గరికి పనిమీద ఒకసారి వెళ్లాను. టైరు పంచర్ షాపులు, మెకానిక్కులు, లాడ్జీలు, ట్యాంకర్ల వరస, అచ్చం నా చిన్నప్పటి మల్కాపురం. నాన్నతో పాటు బండి నడిపిన ఇద్దరు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. అందుకే మీ ఊళ్లో అడగాల్సింది "మాకు ఉద్యోగాలిస్తారా" అని కాదు, "మీ పైపు మా మండలంలో ఆగుతుందా, ఊరికే దాటిపోతుందా" అని. పంపింగ్ స్టేషనో, డెలివరీ టర్మినలో ఉంటే ఒక లెక్క, వాల్వ్ స్టేషన్ ఒక్కటే అయితే కంచె, తాళం, ఒక గార్డు, అంతే. గ్యాస్ లైన్ అయితే పరిశ్రమలకు కనెక్షన్ ఇచ్చే పాయింట్ ఎక్కడో అడగండి. అది కూడా గ్యాస్ ఉంటేనే. 2009లో కేజీ డీ6 (కృష్ణా–గోదావరి తీరంలో సముద్రపు బావుల) గ్యాస్ వచ్చినప్పుడు గోదావరి జిల్లాల్లో ఎంత హడావుడో, ఉత్పత్తి పడిపోయాక పైపులున్నా గ్యాస్ లేక పవర్ ప్లాంట్లు ఖాళీగా కూర్చున్నాయి.

భూమి సంగతికొస్తే, కంపెనీ భూమి కొనదు. 1962 నాటి చట్టం ప్రకారం వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటుంది, ఆర్వోయూ అంటారు. పాస్‌బుక్కులో పేరు మీదే, వరి, పెసర, మినుము వేసుకోవచ్చు. కానీ పైపు పోయే ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. జీడిమామిడి, సరుగుడు తోటలున్న మనవైపు ఇదే పెద్ద దెబ్బ. ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు, "ఏటి బాబూ, భూమి నాదంటారు, అందులో చెట్టు నాటకూడదంటారు, మరి నాదేటి ఇందులో?" అని. నా దగ్గర జవాబు లేదు, మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను. పరిహారం నోటిఫికేషన్ తేదీనాటి భూమి విలువలో 10 శాతం, పంటకి, చెట్లకి జరిగిన నష్టం విడిగా. పట్టీ 18 మీటర్ల వెడల్పు అనుకుంటే మీ పొలంలో 100 మీటర్ల పొడవుకు 44 సెంట్లు పోతుంది. ఎకరం 10 లక్షలని లెక్కగడితే మీకొచ్చేది 44,000. రేపు ఆ చుట్టూ లేఅవుట్లు వస్తే ఆ 44 సెంట్లు ఎవడూ కొనడు. అందుకే అసలు బేరమంతా ఆ విలువ ఎంత రాశారన్న దగ్గరే ఉంది, చెట్ల లెక్క దగ్గరే ఉంది. సర్వే రోజున మీరు పొలంలోనే ఉండి ప్రతి చెట్టూ రాయించండి, ఫొటోలు తీసి పెట్టుకోండి.

ప్రమాదం గురించి భయం ఉంటే అది ఉత్త భయం కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం గ్రామం దగ్గర గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు, పైపు లోపల తుప్పు. ప్రతి పైపూ అలా ఉంటుందని కాదు, బాగా చూసుకునే లైన్‌లో తుప్పు పట్టకుండా కరెంటు రక్షణ ఉంటుంది, లోపల పిగ్ అనే పరికరం పంపి గోడ మందం చూస్తారు. మేం నడిచేటప్పుడు ఎక్కువ భయపడింది మాత్రం జేసీబీలకే, అర్ధరాత్రి చెరువు మట్టి తవ్వేవాళ్లకి. మీ ఊళ్లో వేస్తే పైపు ఉందని పాతే మార్కర్ మీద ఉన్న ఫోన్ నంబరుకు ఒకసారి చేసి చూడండి, ఎత్తుతున్నారో లేదో.

ముందు గెజిట్ నోటిఫికేషన్ వచ్చిందా, ఏ తేదీన వచ్చిందో తెలుసుకుని కింద రాయండి. ఆ తేదీ నుంచి 21 రోజుల్లోపు కాంపిటెంట్ అథారిటీకి (ఈ పైపు కోసం ప్రభుత్వం నియమించిన అధికారికి) రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి, నోటిమాట పనికిరాదు. పరిహారం నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు, కానీ అది తర్వాతి మాట, మీకు ఇంకా రోజులు మిగిలి ఉంటే సర్వే నంబరు, చెట్ల వివరాలతో అర్జీ ఎలా రాయాలో చెప్తాను.