వాడేసిన వంటనూనెతో లారీ నడపొచ్చా?

ప్రశ్న: మాది నరసన్నపేట. 2012 మోడల్ లారీ మీద పలాస నుంచి విశాఖకి జీడిపప్పు లోడు తోలుతుంటాను. పకోడీ బళ్ల దగ్గర, హోటళ్ల దగ్గర వాడేసిన నూనె చవగ్గా దొరుకుతోంది. రెండో ట్యాంకు బిగించి ఆ నూనె మీద బండి నడిపితే కేసు అవుతుందా? ఇన్సూరెన్సుకి ఇబ్బందా?

జవాబు: వంటనూనె పోయకూడదని మోటారు వాహనాల చట్టంలో ఆ మాటగా ఎక్కడా లేదు. మీరు దొరికిపోయేది రెండో ట్యాంకు దగ్గర. మీ ఆర్సీలో ఇంధనం డీజిల్ అని ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా రాకూడదంటుంది సెక్షన్ 52. కేరళ నుంచి వెళ్లిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. వేరే ఇంధనానికి మార్చుకునే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది గానీ, నిబంధనల ప్రకారం ఆమోదం ఉన్న కిట్‌తోనే. ఊళ్లో మెకానిక్ రాగి గొట్టం చుట్టి బిగించినది ఆ లెక్కలోకి రాదు. 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఇక పొగ. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్, వంటనూనెది 30 దాటే ఉంటుంది. 70 డిగ్రీలకైనా వేడెక్కకుండా ఇంజెక్టర్‌లోకి వెళితే సన్నటి తుంపరగా చీలదు. నాజిల్ కొనన మసి పేరుకుంటుంది, రింగులు పట్టేస్తాయి, కాలని నూనె ఇంజనాయిల్లోకి దిగి బెల్లం పాకంలా చిక్కబడుతుంది. అందుకే ఈ పద్ధతి తెలిసినవాళ్లు బండిని డీజిల్ మీదే స్టార్ట్ చేస్తారు, ఆపే ముందు కొన్ని నిమిషాలు మళ్లీ డీజిల్ మీదికి మారుస్తారు. డ్రైవరు ఒక్కసారి మరిచిపోతే చాలు, మర్నాడు పొద్దున్న నల్లపొగే. బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణం కంటే ముందు బళ్లకి పొగ పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ ఎంత నల్లగా ఉందో చెప్పే కొలత). అది దాటితే సెక్షన్ 190(2): 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దు. 1900 పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచిందని మీ మెకానిక్ చెప్పి ఉంటాడు. నిజమే, కానీ చెక్‌పోస్టులో అది పనికిరాదు.

అసలు దెబ్బ ఇన్సూరెన్సులో తగులుతుంది. మీ బండి ఎవరినైనా గుద్దితే కంపెనీ తప్పించుకోవడానికి సెక్షన్ 150లో ఉన్న కారణాలు కొన్నే. ట్యాంకు మార్పు వాటిలో లేదు. కానీ మీ సొంత బండి కాలిపోతే సర్వేయరు తీసే మొదటి ఫొటో ఆ రెండో ట్యాంకుదే. పాలసీ తీసుకున్నాక చేసిన మార్పు కంపెనీకి చెప్పలేదన్న కారణంతో సొంత నష్టం క్లెయిము తిరగ్గొట్టే అవకాశం బాగా ఎక్కువ.

నూనె కొనడంలోనూ ఒక మెలిక ఉంది. రోజుకి 50 లీటర్లకి మించి వేపుడు నూనె వాడే హోటళ్లు, 2019 మార్చి 1 నుంచి, లెక్క రాసి అధీకృత సేకరణదారులకే ఇవ్వాలి. మీకు అమ్మితే వాళ్లకీ చిక్కే. మీరు దాన్ని ఇంధనంగా ఇంకో లారీకి అమ్మారా, నిత్యావసర సరుకుల చట్టం సెక్షన్ 7 దాకా వెళ్తుంది. ఏడేళ్ల వరకు శిక్ష. ఆ పని మాత్రం వద్దు.

ఆ నూనె మీద లాభం కావాలంటే దాన్ని బయోడీజిల్ తయారీకి పంపే అధీకృత సేకరణదారుతో మాట్లాడుకోండి. ఐఎస్ 15607 ప్రమాణమున్న బయోడీజిల్‌ని డీజిల్‌లో 7 శాతం వరకు కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అలా కలిపి బంకులో అమ్మే డీజిల్‌కి మీ బండిలో ఏ మార్పూ అక్కర్లేదు. ట్యాంకు ఇప్పటికే బిగించేసి ఉంటే వచ్చే ఫిట్‌నెస్‌కి ముందే తీయించి, వర్క్‌షాపు బిల్లు మీద తేదీ, బండి నంబరు రాయించుకుని ఆర్సీతో పాటు దాచండి.