ఆ పీక్స్ తీసేసే ముందు కాస్త ఆగు తల్లీ

అమ్మడూ,

నీ మెసేజ్ రాత్రే చూశా. రిపీట్స్ (జీనోమ్‌లో మళ్లీ మళ్లీ కనిపించే డీఎన్‌ఏ ముక్కలు) మీద పడ్డ పీక్స్ (ప్రోటీన్ వచ్చి కూర్చున్న చోట డేటాలో లేచే గుట్టలు) అన్నీ తీసేయమని ల్యాబ్‌లో సీనియర్ ఎవరో అన్నారని, నీకేమో మనసొప్పట్లేదని రాశావు కదా. తీసేయకు. అలాగని వాటిని నెత్తినా పెట్టుకోకు.

మా రోజుల్లో రిపీట్స్ అంటే ఫింగర్‌ప్రింటింగ్ గుర్తొచ్చేది, హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ గారు పాము డీఎన్‌ఏ నుంచి వచ్చిన ప్రోబ్‌తో (జోడీ డీఎన్‌ఏని వెతికి పట్టుకునే ముక్క) మనుషుల్ని గుర్తుపట్టేవారు, అంతకుమించి వాటికి పనుంటుందని మాలో చాలామందికి తట్టనే లేదు. మొక్కజొన్న గింజల రంగులు చూసి మెక్‌క్లింటాక్ 1950లోనే చెప్పింది, రిపీట్స్‌లో ఎక్కువ భాగమైన ఈ గెంతే ముక్కలు పక్క జీన్‌ని ఆడిస్తాయని, నోబెల్ మాత్రం 1983లో ఇచ్చారు. మన జీనోమ్‌లో దాదాపు సగం ఇవీ, వీటి శిథిలాలే మరి! వీటిలో ఆలూ అనే రకం ఒక్కటే 10 లక్షల కాపీలు దాటింది (మీ పెద్దమ్మ ఇప్పటికీ కూర గురించే అనుకుంటుంది).

నువ్వు పట్టుకోవాల్సింది ఎంఈఆర్41 అనే రిపీట్ కథ. 4.5 నుంచి 6 కోట్ల ఏళ్ల కింద కోతుల పూర్వీకుల్లోకి దూరిన రెట్రోవైరస్ అది. వైరస్ అన్నాక తన జీన్స్ ఆన్ చేసుకోడానికి స్విచ్ తెచ్చుకుంటుంది కదా, వైరస్ చచ్చినా స్విచ్‌లు అక్కడక్కడా మిగిలిపోయాయి, వాటి మీద ఇంటర్‌ఫెరాన్ (వైరస్ వస్తే సెల్స్ పంపే హెచ్చరిక) సిగ్నల్ మోసే స్టాట్1 అనే ప్రోటీన్ వచ్చి కూర్చుంటుంది. ఇది కనిపెట్టిన చువాంగ్, ఎల్డీ, ఫెషోట్ అక్కడితో ఆగి పేపర్ రాసేసుకోవచ్చు, కానీ ఆగలేదు, రోగనిరోధక జీన్ ఏఐఎం2 పక్కనున్న ముక్కని డీఎన్‌ఏ కత్తెర క్రిస్పర్‌తో కోసేసి ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూశారు, ఆ జీన్ ఇదివరకట్లా లేవలేదు. 2016లో వచ్చిందది. పీక్ పడినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదమ్మా, తీసేస్తే ఏం ఆగిందో చూపించాలి.

చూపించేటప్పుడు నేను చేసిన తప్పు చెయ్యకు. క్రిస్పర్‌కి ఎక్కడ కోయాలో చెప్పే గైడ్‌ని రిపీట్ లోపలే డిజైన్ చేశా, అది జీనోమ్ అంతా వేల చోట్ల కోసేసింది, సెల్స్ చచ్చాయి, మూడు నెలలు పోయాయి, మా ప్రొఫెసర్‌తో తిట్లు అదనం. రెండు గైడ్‌లూ రిపీట్‌కి అటూ ఇటూ ఉన్న, జీనోమ్‌లో ఒక్కచోటే కనిపించే సీక్వెన్స్‌లోనే పెట్టు. పొట్టి రీడ్స్ (సీక్వెన్సర్ చదివిచ్చే డీఎన్‌ఏ తునకలు) పది చోట్ల అంటుకుంటాయి, రెండు కొసల నుంచీ 150 అక్షరాలు చదివే పెయిర్డ్ 150 అయినా తీసుకో. అదే ఫ్యామిలీలో పీక్ లేని కాపీలెన్నో కూడా లెక్కపెట్టు, ఇది చాలామంది ఎగ్గొడతారు. చింపాంజీలో, మకాక్ కోతిలో అదే చోటు ఖాళీగా ఉందో లేదో చూడు, అప్పుడే ఎవల్యూషన్ గురించి నోరు విప్పు.

ఇంకోటి, ఎన్‌హాన్సర్లే (జీన్ పనిని పెంచే స్విచ్‌లు) వెతుకుతూ కూర్చోకు. మనకి తోక పోయిన సంగతి చూడు, సుమారు 2.5 కోట్ల ఏళ్ల కింద ఏప్స్ (మనతో సహా తోకలేని జాతులు) పూర్వీకుల్లో తోకకి కావాల్సిన టీబీఎక్స్‌టీ జీన్ ఇంట్రాన్‌లో (ఆర్‌ఎన్‌ఏ నుంచి కత్తిరించి పారేసే భాగం) ఒక ఆలూ వచ్చి పడింది, పక్కనే తిరగేసి ఉన్న పాత ఆలూతో ఆర్‌ఎన్‌ఏ మడతపడి ఆరో ఎక్సాన్ (ఉంచుకోవాల్సిన భాగం) ఎగిరిపోతోంది. ఎలుకల్లో ఆ పొట్టి రకం కూడా తయారయ్యేలా చేస్తే కొన్నిటికి తోక పొట్టిదైంది, కొన్నిటికి అసలు రాలేదు. 2024లో నేచర్‌లో వచ్చింది. ఆర్‌ఎన్‌ఏని కత్తిరించి అతికించే స్ప్లైసింగ్ డేటా కూడా తిరగెయ్యి.

మకాక్ జీనోమ్‌తో పక్కపక్కన పెట్టి పోల్చిన అలైన్‌మెంట్ ఉంటే పంపు, కళ్లజోడు మార్పించా, ఇప్పుడు బానే కనిపిస్తోంది. శనివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి, తొమ్మిదింటికల్లా మార్కెట్‌కి పోవాలి.

పెదనాన్న