హోమ్‌స్టే బుక్ చేసే ముందు వంతుల సంగతి అడగండి

సంప్రదాయ పల్లెల్లో హోమ్‌స్టేకి ఇచ్చే డబ్బు నిజంగా ఊరివాళ్లకు చేరుతుందా, మన రాకపోకలతో వాళ్ల పద్ధతులు పాడవవా అని అడిగారు. అతిథులను ఏ ఇంటికి పంపాలో ఎవరు నిర్ణయిస్తారన్న దాన్నిబట్టే ఈ రెండూ ఉంటాయని నా అనుభవం.

లద్దాఖ్‌లో హెమిస్ నేషనల్ పార్కు లోపల రుంబక్ అనే చిన్న ఊరుంది. అక్కడ బస చేసినప్పుడు, ఫొటోల్లో చూసి నచ్చిన ఇల్లు కావాలన్నాను. ఈసారి వాళ్ల వంతు కాదన్నారు. వంతు ఎవరిదైతే వాళ్లింట్లోనే దిగాలి. అదే న్యాయం కూడా. పెద్ద ఇల్లు, నాలుగు ఇంగ్లిష్ ముక్కలు మాట్లాడే పిల్లలు ఉన్నవాళ్లకే అతిథులందరూ పోతే పక్కింటికి మిగిలేది కడుపుమంటే కదా!

అసలక్కడ 2000ల మొదట్లో హోమ్‌స్టేలు వచ్చిందే మంచు చిరుతల వల్ల. రాత్రిపూట దొడ్లో పడి గొర్రెల్ని, మేకల్ని చంపేస్తుంటే ఊళ్లవాళ్లు కసికొద్దీ వాటిని చంపేవాళ్లు. అతిథుల వల్ల ఇంటికి నాలుగు డబ్బులు రావడం మొదలయ్యాక చిరుత బతికుంటేనే మేలన్న ఆలోచన వచ్చింది. ఆ ఆదాయంలో కొంత ఊరి ఉమ్మడి నిధికి వెళ్తుంది.

ఇక పద్ధతుల సంగతి. వంటగదే వాళ్లకు హాలు. గోడ పొడవునా అరల్లో తళతళలాడే ఇత్తడి, రాగి పాత్రలు, మధ్యలో పొయ్యి, చుట్టూ తివాచీల మీద ఇంటివాళ్లూ మనమూ. మరుగుదొడ్డిలో నీళ్లుండవు. పని అయ్యాక పక్కనున్న మట్టిని పారతో తీసి కన్నంలో వేయాలి. అదంతా మాగి పొలానికి ఎరువవుతుంది. నీటి కొరత ఉన్న చోట ఇంతకంటే తెలివైన ఏర్పాటు లేదు. నాకోసం దాన్ని మార్చాలని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు, అదే నాకు బాగా నచ్చింది.

జపాన్‌లోని షిరకవాగో అనే పల్లెలోనూ పెత్తనం ఊరిదే. గడ్డికప్పు ఇళ్లను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, కూల్చకూడదు అని అక్కడివాళ్లు 1971లోనే కట్టుబాటు పెట్టుకున్నారు. యునెస్కో గుర్తింపు వచ్చింది 1995లో.

కాబట్టి బుక్ చేసేటప్పుడు వంతులున్నాయా, ఉమ్మడి నిధి ఉందా అని నేరుగా అడగండి. రుంబక్‌కే వెళ్తే ముందు లేహ్‌లో కనీసం రెండు రోజులు ఆగండి, ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడాలి.