బ్రాంచిలో సీనియర్లకీ కొత్తవాళ్లకీ పడనప్పుడు ఏం చేయాలి?

కొత్త ఆఫీసర్ "సిస్టమ్ పనంతా నా మీదకే తోస్తున్నారు" అంటున్నారని, రిటైర్మెంట్‌కి దగ్గరపడిన సీనియర్ గారు "ఈ పిల్లలకి మర్యాద తెలీదు" అంటున్నారని ఒక బ్రాంచి నుంచి రాశారు. ప్రభుత్వ బ్యాంకు బ్రాంచిల్లో ఇది మామూలే. గొడవ వయసుది అనిపిస్తుంది గానీ, ఎక్కువగా పని పంపకంలో మొదలవుతుంది.

ముందు లాగిన్ ఐడీల సంగతి చూడండి. "నా లాగిన్‌లో నువ్వే పాస్ చేసెయ్ బాబూ" అనే అలవాటుంటే వెంటనే ఆపించండి. ఎంట్రీ వేసేవారు ఒకరు, సరిచూసి పాస్ చేసేవారు మరొకరు కావాలన్నదే మేకర్-చెకర్ ఉద్దేశం. రెండూ ఒకే చేతిమీద జరిగితే తప్పు దొర్లిన రోజున ఇద్దరూ సంజాయిషీ రాసుకోవాలి. ఈ మాట కుర్రాడితో చెప్పించకండి, ఎదురు చెప్పాడన్న పేరొస్తుంది. మేనేజరే అందరికీ కలిపి చెప్పాలి.

నేర్పడం కౌంటర్ దగ్గర, కస్టమర్ల ముందు అసలు వద్దు. క్యాష్ క్లోజ్ అయ్యాక ఇరవై నిమిషాలు చాలు. కీబోర్డు సీనియర్ గారి చేతిలోనే ఉండాలి, చిన్నవారు పక్కన కూర్చుని చెప్పాలి. లాక్కుని తామే కొట్టేస్తే మర్నాడు మళ్లీ అదే పిలుపు. రోజూ వాడే ఐదారు మెనూలు తెలుగులో అట్టముక్క మీద రాసి ఇస్తే సగం పిలుపులు తగ్గుతాయి.

బదులుగా సీనియర్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఉదాహరణకి ఆస్తి తనఖా లోన్లే చూడండి. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటిమాట పంపకాలు, రిజిస్టర్ కాని వీలునామాలు కనపడవు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు చదివి, వారసుల్లో ఎవరి సంతకం లేదో పట్టుకోవడం సాఫ్ట్‌వేర్ చేసే పని కాదు. మార్ట్‌గేజ్ (తనఖా) ఫైలు వచ్చినప్పుడల్లా ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టండి.

పైకి చెప్పుకోని కారణం ఇంకోటుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవారికి పాత పెన్షన్ లేదు. ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్) కింద బేసిక్, డీఏ (కరవు భత్యం) మీద 10 శాతం జీతంలోంచి పోతుంది. అలాంటివారితో "బ్యాంకు ఉద్యోగం, నీకేం తక్కువ?" అంటే ఎక్కడో గుచ్చుకుంటుంది. అటు సీనియర్లకీ, పక్క సీట్లోనే ఉండి వాట్సాప్‌లో "సార్, పెండింగ్" అని పంపితే అవమానంగానే ఉంటుంది. లేచి వెళ్లి చెప్పమనండి. మెసేజ్ తర్వాత పెట్టుకోవచ్చు.