పసుపు పంట మీద, పార్లమెంటు మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి చదివాను. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు పక్కన పల్లెలో, పసుపు వేసే ఇంట్లో పుట్టినవాడు ఎంపీ అయ్యి ఢిల్లీలో తన రైతుల గోడు వినిపించడం నీ కథ. మంచి వస్తువు పట్టుకున్నావు. సర్పంచుల మీద, ఎమ్మెల్యేల మీద, ఊరి పెత్తందార్ల మీద మనకు కథలకు కొదవ లేదు. లోక్‌సభకు వెళ్ళిన పల్లెటూరి మనిషి అక్కడ ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్నది చూపించిన రచనలు తక్కువ. నీ నవల ఆ లోటు తీర్చాలని నా కోరిక. అందుకే ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

నాకు నచ్చనిది ముందు చెప్తాను. సభలో ప్రసంగం ఉన్న అధ్యాయం. నీ నాయకుడు పసుపు కొమ్ము పైకెత్తి పట్టుకుని గర్జిస్తాడు. సభంతా నిశ్శబ్దమైపోతుంది. మంత్రి తల దించుకుంటాడు. మర్నాడు పసుపు బోర్డు వచ్చేస్తుంది. ఇలా ఎప్పుడూ జరగలేదు తమ్ముడూ. అసలు సభలో వస్తువులు పట్టుకుని చూపించడానికే నిబంధనలు ఒప్పుకోవు. అది చేసిన సభ్యుణ్ణి స్పీకర్ వారిస్తారు. నువ్వు రాసిన సన్నివేశం చదివి పాఠకుడు చప్పట్లు కొడతాడేమో గానీ, పార్లమెంటు గురించి వాడికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

జరిగేది వేరు. ఉదయం 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాలు, ఆ తర్వాత జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. జీరో అవర్‌లో మాట్లాడాలంటే ముందుగా నోటీసు అంది ఉండాలి. పేరు జాబితాలో రావాలి. ఏదో గొడవతో సభ వాయిదా పడితే ఆ రోజుకి అంతే సంగతులు. అన్నీ కలిసొచ్చి పిలుపు వస్తే దొరికేది రెండు మూడు నిమిషాలు. ఎదురుగా సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. పక్క సీటాయన కాగితాలు సర్దుకుంటూ ఉంటాడు. సంబంధిత మంత్రి సభలో ఉండాలని లేదు, ఉన్నా అప్పటికప్పుడు జవాబు చెప్పాలని లేదు. మైకు ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌లో మనవాడు గబగబా చదివి, చివరి రెండు వాక్యాలు మింగేసి, ధన్యవాదాలు చెప్పి కూర్చుంటాడు. ఆ మింగేసిన రెండు వాక్యాలు ఏమిటి? వాటి కోసం ఊళ్ళో ఎవరు ఎదురుచూస్తున్నారు? నీ అధ్యాయం అక్కడ మొదలుపెట్టు.

లోక్‌సభ నిబంధనల్లో రూల్ 377 అని ఒకటుంది. దాని కింద సభ్యుడు తన నియోజకవర్గం సమస్యను లేవనెత్తవచ్చు. పాఠం ముందే రాసివ్వాలి, సుమారు 250 మాటలకు మించకూడదు, ఆమోదం పొందిన పాఠాన్నే చదవాలి. రచయితవి కాబట్టి 250 మాటల్లో ఒక ఊరి బాధ పట్టించడం అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ కాగితం తయారయ్యే రాత్రిని రాయి. ఢిల్లీలో ఎంపీ క్వార్టర్స్, టేబుల్ మీద చల్లారిపోయిన టీ, ఎదురుగా పీఏ. రైతులు పంపిన అర్జీ నాలుగు పేజీలుంది. అందులో విత్తనం ఖర్చుంది. తవ్విన దుంపల్లోంచి కొమ్ముల్ని విరిచి వేరుచేసే ఆడవాళ్ళ కూలి ఉంది. ఉడకబెట్టే ఖర్చుంది. కళ్ళంలో ఎండబోసిన పసుపు అకాల వానకి తడిసి రంగు పోయిన సంగతి ఉంది. కౌలు ఉంది. పీఏ ఒక్కోటీ కొట్టేస్తాడు. కూలి సంగతి కేంద్రానికి సంబంధించింది కాదంటాడు. వాన సంగతి రాష్ట్రం చూసుకోవాలంటాడు. కౌలు గురించి ఎత్తితే భూమి ఉన్న రైతులకు కోపం వస్తుందంటాడు. ఆ మాటలు అన్నీ నిజాలే, అందుకే అతన్ని విలన్ చేయకు. చివరికి కాగితం మీద మిగిలేది మూడు ముక్కలు: ధర లేదు, బోర్డు కావాలి, మద్దతు ధర కావాలి. కొమ్ములు విరిచిన ఆడమనిషి ఆ కాగితంలో లేదు. నీ నాయకుడి తల్లి అదే పని చేసిందని రెండో అధ్యాయంలో నువ్వే రాశావు. ఆ కొట్టివేత దగ్గర అతని చెయ్యి ఒక్క క్షణం ఆగితే, నీ గర్జన కంటే వెయ్యి రెట్లు బలంగా ఉంటుంది.

ఇంకో సంగతి నీ రాతప్రతిలో ఎక్కడా లేదు: ఎవరిని అడగాలి? పండించేటప్పుడు పసుపు వ్యవసాయ శాఖ చేతిలో ఉంటుంది. ఎగుమతి, సుగంధ ద్రవ్యాల బోర్డు వ్యవహారం వాణిజ్య శాఖది. ఆ బోర్డు కొచ్చిలో ఉంది, 1986 నాటి చట్టంతో ఏర్పడింది. మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేనే లేదు. రైతు తన ఒక్క పంట గురించి అడుగుతుంటే ఢిల్లీలో అది రెండు మూడు భవనాల మధ్య చీలిపోతుంది. పొరపాటున ఒక శాఖని అడగాల్సింది ఇంకో శాఖని అడిగితే వారాలు పోతాయి. ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలే (సభలో నోటితో జవాబు కోరేవి) జాబితాకెక్కుతాయి, అవి కూడా లాటరీ తీసి. వాటిలోనూ మంత్రి నోటితో జవాబు చెప్పే దాకా వచ్చేవి కొన్నే. మిగతావాటికి రాతపూర్వక సమాధానం. తొమ్మిది నెలల పంట గోడు ఒక లాటరీ మీద ఆధారపడి ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పసుపు రైతులు బోర్డు ఎందుకు అడిగారో కూడా పాఠకుడికి తెలియాలి. గుంటూరులో పొగాకు బోర్డు ఉంది. 1975 చట్టంతో వచ్చింది, వేలం కేంద్రాలు నడుపుతుంది. పొగాకుకి ఉన్నప్పుడు పసుపుకి ఎందుకు ఉండకూడదన్నది మామూలు రైతు మామూలుగా అడిగిన ప్రశ్న. దాన్ని ఉపన్యాసంలో పెట్టకు, మార్కెట్ యార్డులో బస్తాల మధ్య కూర్చున్న ఇద్దరి మాటల్లో పెట్టు. నీ ముసలాయన అన్నాడు చూడు, "తొమ్మిది నెలలు సాదిన పంట, మార్కెట్ల తొమ్మిది నిమిషాల్ల అగ్గువైపాయె" అని. అలాంటి మాట రాయగలిగినవాడివి, గర్జనల జోలికి ఎందుకు పోయావో!

ఇక 2019 ఎన్నిక. నువ్వు దాన్ని రెండు పేరాల్లో దాటేశావు. నా దృష్టిలో నీ నవలకి వెన్నెముక అదే. నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి ఆ ఏడాది 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా రైతులు. ఒక్కో ఈవీఎం బ్యాలెట్ యూనిట్లో 16 పేర్లే పడతాయి, అందుకని ప్రతి బూత్‌లో 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఆ గది ఊహించు. ఓ ముసలమ్మ లోపలికి వెళ్తుంది. బల్లల మీద వరసగా యంత్రాలు, తను ఓటేయాలనుకున్న పేరు ఏ యంత్రంలో ఉందో వెతుక్కుంటూ ఒక్కో గుర్తు మీద వేలు పెట్టి చూస్తూ నడుస్తుంది. బయట లైను కదలదు. ఆ రైతుల్లో ఎవరూ గెలుస్తామని నామినేషన్ వేయలేదు. జనరల్ అభ్యర్థికి డిపాజిట్ 25 వేలు, అది పోతుందని తెలిసే కట్టారు. పసుపు, ఎర్రజొన్న రైతులు ధర కోసం రోడ్డెక్కి విసిగిపోయాక, తమ పేర్లే ఢిల్లీకి కనబడేలా చేసుకున్నారు.

దీనికి ముందు ఇంకో కథ ఉంది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగారు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్ళు సాగునీటి కోసం, తాగునీటి కోసం ఎంచుకున్న దారి అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది కేంద్రం చట్టం మార్చి 500 ఉన్న డిపాజిట్‌ని పది వేలకు పెంచింది. పేదవాడు తన గోడు బ్యాలెట్ మీదికి ఎక్కిస్తే, ఆ బ్యాలెట్ మీదికి ఎక్కే రుసుము పెరిగింది. నీ నాయకుడి తండ్రి తరం నల్లగొండ గురించి వినే ఉంటుంది. నిజామాబాద్ రైతుల ఇంట్లో ఆ ప్రస్తావన రానివ్వు.

ఇక్కడ జాగ్రత్త ఒకటి. 2019లో నిజామాబాద్‌లో ఓడిపోయిన సిటింగ్ ఎంపీ కవిత కూడా పసుపు బోర్డు కావాలని లోక్‌సభలో అడిగినవారే. గెలిచిన ధర్మపురి అర్వింద్ బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, బోర్డు ప్రారంభమైంది. ఆ జూన్‌లో నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. ఈ క్రెడిట్ ఎవరిదన్న గొడవలోకి నవల దిగిందంటే కరపత్రం అయిపోతుంది. నీకు అక్కర్లేదు అది. సభలో అడిగిన మనిషి ఓడిపోవచ్చు, అడిగిన పని ఇంకొకరి చేతుల మీదుగా ఏళ్ళ తర్వాత జరగవచ్చు, జరిగిన తర్వాత కూడా యార్డులో ధర ఎంత పలికిందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఈ మూడూ ఒకే మనిషి జీవితంలో ఎలా ఇముడుతాయో రాయి. మీ నాయకుణ్ణి గెలిపించి ముగించాలన్న తొందర మానుకో.

ఎంపీ ఇంటి ముందు పొద్దున్నే చేరే జనాన్ని కూడా నువ్వు సరిగ్గా చూడలేదు. నీ నవలలో అందరూ పసుపు గురించే అడుగుతారు. అలా ఉండదు. ఒకాయన పింఛను రాలేదని వస్తాడు, అది సచివాలయం దాకా పోయేది. ఒకామె ఊరి రోడ్డు అడుగుతుంది, అది ఎమ్మెల్యే చూడాల్సింది. ఎవరో కేంద్రీయ విద్యాలయంలో సీటుకి సిఫార్సు లేఖ అడుగుతారు. ఎంపీలకు ఉన్న ఆ కోటా 2022లోనే తీసేశారని చెప్తే నమ్మరు, ఇష్టం లేక అంటున్నారనుకుంటారు. ఇంకొకరు ప్రధాని సహాయ నిధి నుంచి ఆపరేషన్‌కి డబ్బు కోసం ఉత్తరం కావాలంటారు. మీ జిల్లాల్లో మరొకటి తప్పకుండా ఉంటుంది: గల్ఫ్‌లో చనిపోయిన కొడుకు శవం ఎప్పుడొస్తుందని అడిగే తండ్రి. ఆ తండ్రి చేతిలో పాస్‌పోర్టు జిరాక్స్ ఉంటుంది, మడతల దగ్గర చిరిగి ఉంటుంది. ఆ కేసులో ఎంపీ నిజంగా చేయగలిగింది ఉంది, రాయబార కార్యాలయానికి ఉత్తరం, ఫోన్లు. సభలో మాట్లాడిన మూడు నిమిషాల కంటే ఆ ఫోన్ల వల్ల ఊరు అతన్ని ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది. ఇది అన్యాయమా, న్యాయమా అన్నది నువ్వు తేల్చక్కర్లేదు. అతను మాత్రం దాని గురించి ఆలోచించాలి.

నాయకుడి వేషం గురించి రెండు మాటలు. పల్లె నాయకుడనగానే పంచె, మీసం, ఇంగ్లిష్ రానితనం పెట్టేశావు. నిడుబ్రోలు రైతు ఇంట్లో పుట్టిన ఎన్.జి.రంగా గారు ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1930లోనే కేంద్ర శాసనసభకు వెళ్ళారు, 1991 దాకా లోక్‌సభలో ఉన్నారు, మధ్యలో నెహ్రూ సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకించి కాంగ్రెస్ వదిలేశారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళారని అందరూ చెప్పుకుంటారు. సైకిల్ దగ్గరే ఆగిపోతే ఆయన అక్కడికి వెళ్ళి ఏం మాట్లాడారన్నది పోతుంది. నీ నాయకుడికి చదువు ఇవ్వు, తెలివి ఇవ్వు, తప్పులు కూడా ఇవ్వు.

భాష మాట నిజమే, దాన్ని వదలకు. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం సభ వ్యవహారాలు హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ జరగాలి. ఆ రెండూ సరిగా రాని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడే అనుమతి సభాపతి ఇవ్వవచ్చు. తెలుగుకి అనువాద సదుపాయం ఉంది. తెలుగులో మాట్లాడితే ఊళ్ళో జనానికి నేరుగా అర్థమవుతుంది, సభలో మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళకే. ఇంగ్లిష్‌లో మాట్లాడితే మంత్రికి చేరుతుంది, ఊళ్ళో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు మనవాడి పెదాలు చూస్తూ ఉండిపోతారు. మీ నాయకుడు ఏది ఎంచుకుంటాడు, ఎందుకు? అతని స్వభావం మొత్తం ఆ ఒక్క నిర్ణయంలో బయటపడుతుంది.

చివరగా, చదవాల్సినవి చదువు. లోక్‌సభ చర్చల పాఠం మొత్తం పార్లమెంటు వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. సభ్యుల ప్రశ్నలు, మంత్రుల జవాబులు తేదీలతో సహా ఉంటాయి. వార్తల్లో వచ్చిన ముక్క చూసి రాయకు. మంత్రి "పరిశీలిస్తాం" అన్నాడనుకో, అది ఊరికే పోదు. అలాంటి మాటల్ని హామీలుగా లెక్కగట్టి వెంటపడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి 1953 నుంచి ఉంది. మూడు నెలల్లో తేల్చాలని నియమం, ఏళ్ళు పట్టినవీ ఉన్నాయి. ఇచ్చిన హామీని మర్చిపోకుండా ఒక ఫైలు వెంట నాలుగేళ్ళు తిరిగే ఎంపీ, సభలో అరిచే ఎంపీ కంటే నాకు గొప్పవాడు. అతని మీద రాయాలంటే నీకు కార్యాలయాల వాసన తెలియాలి. అందుకని ఒక పార్లమెంటు సమావేశాల కాలంలో ఢిల్లీ వెళ్ళు. ఏ ఎంపీ ద్వారానైనా పాస్ తీసుకుని సందర్శకుల గ్యాలరీలో కూర్చో. ఆ వారమే తిరిగొచ్చి నిజామాబాద్ యార్డులో తెల్లవారుజామున పసుపు దిగేటప్పుడు నిలబడు. రెండూ దగ్గర దగ్గరగా చూడటం ముఖ్యం.

తర్వాత ఆ ప్రసంగం అధ్యాయం మళ్ళీ రాయి. మొత్తం నవల ఇప్పుడే పంపొద్దు, అది ఒక్కటే పంపు. నోటీసు ఏ తేదీన ఇచ్చారు, ఏ శాఖకు వెళ్ళింది, జవాబు ఎన్ని నెలలకు వచ్చింది, ఆ ఉత్తరాన్ని ఊళ్ళో ఎవరికి చదివి వినిపించారు, ఈ నాలుగూ అందులో ఉండాలి.

మీ అన్నయ్య